గెట్టు ఎక్కడుందో చూడకుండా చెల్క వదులుకోకండి

ప్రశ్న: నమస్తే సార్. నల్లగొండలో చిన్న డయాగ్నస్టిక్ ల్యాబ్ నడుపుతున్నాను. డీఎంఎల్‌టీ చేశాను. మర్రిగూడ, మునుగోడు దిక్కు నుంచి కీళ్ళ నొప్పులని, నడుము వంగడం లేదని వచ్చేవాళ్ళకు డాక్టర్లు మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష రాస్తారు. నా దగ్గర ఫ్లోరైడ్ కొలిచే ఎలక్ట్రోడ్ మీటర్ లేదు, శాంపిల్ హైదరాబాద్ పంపాల్సిందే. అందుకని నేనూ, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివిన మా అక్క కొడుకూ కలిసి ఒక కాగితపు పట్టీ తయారు చేశాం. ఫిల్టర్ పేపర్ మీద జిర్కోనియం అనే లోహం, జైలినాల్ ఆరెంజ్ అనే రంగు కలిపి పూస్తాం. ఫ్లోరైడ్ ఉంటే గులాబీ రంగు పోయి పసుపుకు తిరుగుతుంది. ఆ రంగును ఫోన్ కెమెరాతో చదివే చిన్న యాప్ మావాడే రాశాడు, నెట్ లేకున్నా పనిచేస్తుంది. పోయిన ఎండాకాలం ఒక ఊరి బడిలో క్యాంపు పెట్టి చూపించాం. ఆ వీడియో యూట్యూబ్‌లో ఉంది. నెల కింద ఒక కంపెనీ మనిషి వచ్చి, "ఫోన్‌తో ఫ్లోరైడ్ చూసే పద్ధతంతా మా పేటెంట్. లైసెన్స్ తీసుకోండి, లేకుంటే కోర్టులో చూసుకుందాం" అన్నాడు. గడువు పెట్టి రెండు లక్షలు అడ్వాన్స్ అడుగుతున్నాడు. అతనిచ్చిన 31 పేజీలు జత చేశాను. అంతా ఇంగ్లిష్. శీర్షిక, అబ్‌స్ట్రాక్ట్, బొమ్మలు మాత్రమే చూశాను, మా పనే రాసినట్టుంది. మానేయమంటారా?
— ఒక ల్యాబ్ టెక్నీషియన్, నల్లగొండ

సమాధానం: అడ్వాన్స్ ఇవ్వకండి. పని కూడా మానేయకండి. గడువు పెట్టి అడుగుతున్నాడు కాబట్టి ఈ రెండు మాటలు ముందే చెప్పేస్తున్నాను.

మీరు పంపిన 31 పేజీలూ చదివాను. శీర్షిక, దాని కింది అబ్‌స్ట్రాక్ట్ (సారాంశం), బొమ్మలు మాత్రమే చూశానని మీరే రాశారు. బొమ్మలో ఫోనూ, పట్టీ, మూత్రం సీసా ఉన్నాయి. మీ టేబుల్ మీదా అవే ఉన్నాయి. భయం వేయడం సహజమే. పేటెంట్లు చదివి సలహా చెప్పే ఈ పనిలోకి వచ్చిన కొత్తలో నేనూ అబ్‌స్ట్రాక్ట్ ఒక్కటి చూసి ఒకాయనకు "ఇది మీకు అడ్డం వస్తుంది" అని చెప్పాను. ఆయన రెండేళ్ళ పనిని అటకెక్కించాడు. తర్వాత ఇంకేదో పని మీద ఆ పేటెంట్ క్లెయిములు తీరిగ్గా చదివితే, ఆయన చేసినదానికీ దానికీ చుట్టరికమే లేదు. ఆ సంగతి ఫోన్ చేసి చెప్పినప్పుడు అటువైపు చాలాసేపు మాట రాలేదు. అప్పటి నుంచి నేను పేటెంట్‌ను వెనక నుంచి చదువుతాను.

మన దగ్గర గెట్టు పంచాయితీ వస్తే దస్తావేజులో ఏం చూస్తాం? ముందు పేజీల్లో అమ్మినవాళ్ళ తాతముత్తాతల పేర్లు, పైసలు ఎట్లా ముట్టినయో, ఎవరి సమక్షంలో ముట్టినయో ఉంటుంది. అవన్నీ దాటి చివర షెడ్యూలుకు పోతాం. సర్వే నంబరు, ఎకరాలు, గుంటలు, తూర్పున ఫలానావాళ్ళ చెల్క, పడమట ఒర్రె. తగువు తేలేది అక్కడ. పేటెంట్‌లో ఆ షెడ్యూలు పేరు క్లెయిములు. చివరి పేజీల్లో "వాట్ ఈజ్ క్లెయిమ్డ్ ఈజ్" అనో, "వీ క్లెయిమ్" అనో మొదలై, ఒకటి, రెండు అని నంబర్లతో వచ్చే వాక్యాలే అవి. 1970 పేటెంట్ల చట్టంలో సెక్షన్ 10 చెప్పేదీ ఇదే: స్పెసిఫికేషన్ (ఆవిష్కరణ వివరమంతా రాసిన పత్రం) చివర క్లెయిములు ఉండాలి, హక్కు ఎంతమేరకో అవే చెప్పాలి. మిగతా ఇరవై చిల్లర పేజీలు ఆ వాక్యాల్లోని మాటలకు అర్థం చెప్పుకోవడానికి పనికొస్తాయి తప్ప వాటంతట అవి ఒక్క గుంట కూడా ఇవ్వవు.

భూమికీ దీనికీ ఒక తేడా ఉంది. కొత్తవాళ్ళు తడబడేది అక్కడే. క్లెయిమ్‌లో మాటలు పెరిగేకొద్దీ నేల తగ్గుతుంది. "ఫ్లోరైడ్‌తో రంగు మారే పట్టీ" అంటే పెద్ద పొలం. "లాంథనమ్ అనే లోహం పూసిన, మూడు పొరల, ఫలానా బఫర్‌లో (ఆమ్లత్వాన్ని మారకుండా నిలిపే ద్రావణంలో) ముంచిన పట్టీ" అంటే ఒక మడి. పొడుగాటి క్లెయిమ్ చూసి జడుసుకోవద్దు. రెండు లైన్ల క్లెయిమ్ కనిపిస్తే మాత్రం కళ్ళద్దాలు తుడుచుకోండి.

క్లెయిముల్లోకి పోయేముందు ఆ కాగితం ఎలాంటిదో చూద్దాం. మొదటి పేజీలో పైన కుడివైపు యూఎస్ అని మొదలైన నంబరు చివర "ఏ1" అని ఉంది. అమెరికాలో ఏ1 అంటే దరఖాస్తును అచ్చువేశారని మాత్రమే. గ్రాంటైతే, అంటే పేటెంట్ మంజూరైతే, "బీ1" లేదా "బీ2" ఉంటుంది. అంటే ఆయన మీకు చూపించింది పట్టా కాదు, పట్టా ఇప్పించమని పెట్టుకున్న అర్జీ. అందులోని క్లెయిములు వాళ్ళు అడిగినవి. దరఖాస్తును పరీక్షించే పేటెంట్ ఆఫీసు ఎగ్జామినర్‌తో వాదనలయ్యాక మిగిలినవి కావు. అడిగిన పదెకరాల్లో చివరికి ఎకరం మిగలడం ఈ రంగంలో మామూలే.

పైగా అది అమెరికాది. అమెరికా పేటెంట్ నల్లగొండలో చెల్లదు. మీరు పట్టీలను అక్కడికి ఎగుమతి చేసిననాడు దాని సంగతి చూద్దాం. ఇక్కడ మిమ్మల్ని ఆపాలంటే భారత పేటెంటే ఉండాలి. విదేశంలో మొదలుపెట్టి, పీసీటీ అనే అంతర్జాతీయ ఒప్పందం దారిలో మన దేశానికి రావాలంటే ప్రయారిటీ తేదీ (మొట్టమొదటి దరఖాస్తు వేసిన తేదీ) నుంచి 31 నెలల్లో ఇక్కడ దరఖాస్తు వేయాలి. మీ కాగితం మీద ప్రయారిటీ 2021 మార్చి. 31 నెలలంటే 2023 అక్టోబర్. అప్పటికి వేశారా లేదా అన్నది పేటెంట్ ఆఫీసు వాళ్ళ ఇన్‌పాస్ వెబ్‌సైట్‌లో దరఖాస్తుదారు పేరుతో ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు. మీ మేనల్లుడికి అరగంట పని. దొరికితే అక్కడితో ఆగకండి. అదే పేజీలో దరఖాస్తు స్టేటస్ ఉంటుంది, పత్రాలు చూసే లింకు ఉంటుంది. ఆ పత్రాల్లో "ఫస్ట్ ఎగ్జామినేషన్ రిపోర్ట్" ఉంటే దాన్ని దించుకోండి. ఏ క్లెయిమ్ ఎందుకు చెల్లదో ఎగ్జామినరే రాసి పెడతాడు. ఫీజు లేకుండా దొరికే లాయరు సలహా లాంటిది అది. గ్రాంటై ఉంటే ఏటా కట్టాల్సిన రెన్యూవల్ ఫీజు కట్టారో లేదో కూడా చూడండి. కట్టకపోతే 20 ఏళ్ళ గడువు నిండకముందే హక్కు పోతుంది.

ఇక అసలు పని. మీ కాగితాల్లో 16 క్లెయిములున్నాయి. పదహారూ సమానం కావు. "క్లెయిమ్ 1లో చెప్పినట్టి" అని మొదలయ్యేవన్నీ ఒకటో నంబరుకు పిల్లలు. ఒకటో దాంట్లోకి మీరు రాకపోతే వాటిలోకీ రారు. తమ కాళ్ళ మీద తాము నిలబడేవి రెండే: 1, 12.

ఒకటో నంబరును మన మాటల్లో చెబితే ఇలా ఉంటుంది: మూత్రంలో ఫ్లోరైడ్ కొలిచే విధానం, నమూనాకు బఫర్ కలపాలి, లాంథనమ్–అలిజరిన్ కాంప్లెక్సోన్ పూసిన పట్టీని అందులో ముంచాలి, పక్కనే అచ్చువేసిన రంగు గళ్ళతో కలిపి ఫోన్‌తో ఫొటో తీయాలి, ఆ ఫొటోను నెట్ ద్వారా సర్వర్‌కు పంపాలి, క్రియాటినిన్ (మూత్రం ఎంత పలచనో చెప్పే పదార్థం) విలువతో సరిచేసి రోగికి ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ వల్ల ఎముకలు, పళ్ళు పాడయ్యే జబ్బు) ముప్పు ఎంతో తేల్చాలి.

ఒక తెల్లకాగితం తీసుకుని నడిమిట్ల గీత కొట్టండి. ఎడమవైపు ఈ ముక్కలు ఒక్కొక్కటీ రాయండి, కుడివైపు మీ పద్ధతిలో దానికి ఎదురుగా ఏముందో రాయండి. అన్ని ముక్కలూ మీ దగ్గర ఉంటేనే మీరు ఆ క్లెయిమ్‌లో పడ్డట్టు. బఫర్ మీకూ ఉంది. ఫోన్ ఉంది. రంగు గళ్ళున్నాయి. లాంథనమ్ లేదు. సర్వర్ లేదు. క్రియాటినిన్ మీరు చూడటం లేదు. ఒక్కటి తగ్గినా చాలు, మీకు మూడు తగ్గాయి.

"లాంథనమ్ బదులు జిర్కోనియం, అంతేగా, కోర్టు ఒప్పుకుంటుందా?" అని మీ మేనల్లుడు అడుగుతాడు. అడగాలి కూడా. అక్షరం మార్చి సారాన్ని ఎత్తుకుపోతే కోర్టులు ఊరుకోవు. స్టీలు గిన్నె బదులు ఇత్తడి గిన్నె వాడానంటే నడవదు. కానీ ఇక్కడ మారింది గిన్నె కాదు. లాంథనమ్ పద్ధతిలో ఫ్లోరైడ్ వచ్చి ఆ ఎర్రటి సమ్మేళనంతో జత కడుతుంది, నీలం పుడుతుంది. మీ దాంట్లో ఫ్లోరైడ్ జిర్కోనియాన్ని రంగు నుంచి గుంజుకుపోతుంది, ఉన్న గులాబీ పోతుంది. ఒకచోట రంగు పుట్టడాన్ని కొలుస్తారు, ఇంకోచోట పోవడాన్ని. పని జరిగే తీరే వేరు. వాళ్ళ స్పెసిఫికేషన్ తొమ్మిదో పేజీలో "రంగు వెలిసిపోయే పద్ధతులు నమ్మదగినవి కావు" అని వాళ్ళే రాసుకున్నారు. మీ దారిని తప్పుపట్టి పక్కన పెట్టినవాళ్ళు రేపు అది కూడా మాదేనంటే ఎవరు వింటారు? ఆ పేజీ మూల మడిచి పెట్టుకోండి.

పన్నెండో నంబరే నన్ను కాసేపు ఆపింది. అది కిట్ మీద. "ఫ్లోరైడ్‌తో రంగు మారే పదార్థం పూసిన పట్టీ, కనీసం మూడు రంగు గళ్ళున్న కార్డు, వాడే విధానం రాసిన కాగితం ఉండే కిట్." ఇంతే. "కంప్రైజింగ్" అని కూడా వాడారు. ఆ మాటకు అర్థం, ఇవి ఉండి ఇంకేమున్నా సరే అని. "కన్సిస్టింగ్ ఆఫ్" అని ఉంటే ఇవి మాత్రమే అని. కాబట్టి మీరు యాప్ కలిపినా, డబ్బా మార్చినా, అక్షరాలా చూస్తే మీ పట్టీ ఇందులో పడుతుంది. ఆ కంపెనీ మనిషికి "మొత్తం మాదే" అన్న ధీమా ఈ వాక్యంలోంచి వచ్చిందే.

అయితే మీ ఒక్కరినే పట్టేంత చిన్న వల కాదు అది. అంత పెద్ద వల వేస్తే పాతకాలం వాళ్ళందరూ అందులో పడతారు. అప్పుడు కొత్తదనం ఏదీ? జిర్కోనియం–అలిజరిన్ పరీక్ష డిగ్రీ కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో ఎన్ని తరాలు చేశాయో మీ మేనల్లుడి లెక్చరర్‌ను అడగండి. రంగును ప్రామాణిక రంగులతో పోల్చి ఫ్లోరైడ్ ఎంతో చెప్పడం ఎలక్ట్రోడ్ రాకముందు నుంచీ ఉన్న పని. ఆ ఎలక్ట్రోడ్ వచ్చిందే 1966లో. ఫ్లోరైడ్‌కూ జబ్బుకూ ఉన్న లంకె కూడా ఎవరూ మొన్న కనిపెట్టింది కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1937లోనే రాశారు. మన జిల్లా పేరు పెట్టి, "ఫ్లోరోసిస్ ఇన్ నల్గొండ డిస్ట్రిక్ట్" అని 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసమే వచ్చింది. నీళ్ళలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగపూర్‌లోని నీరీ పరిశోధన సంస్థ వాళ్ళు మన ఊరి పేరే పెట్టారు. ఎవరో వచ్చి ఫ్లోరైడ్ గురించి నల్లగొండకు కొత్తగా చెబుతున్నామంటే కాస్త నవ్వొస్తుంది.

కాబట్టి పన్నెండో నంబరు ఇదే రూపంలో గ్రాంట్ అవుతుందని నేననుకోను. కొత్తదనం చూపించడానికి వాళ్ళు దాంట్లో ఏదో ఒక ముక్క చేర్చాలి, బహుశా లాంథనమో, సర్వరో. ఆ చేర్చే ముక్కే మిమ్మల్ని బయటపడేస్తుంది. ఒకవేళ పొరపాటున అలాగే గ్రాంటైందనుకోండి. గ్రాంటైనంత మాత్రాన చెల్లుతుందని ప్రభుత్వం పూచీ ఇవ్వదు, సెక్షన్ 13లో ఆ మాట ఉంది. దాన్ని రద్దు చేయమని అడిగే హక్కు మీకుంది. గ్రాంట్ కాకముందైతే ఎవరైనా సరే అభ్యంతరం వేయవచ్చు. గ్రాంటైనట్టు ప్రచురించిన ఏడాదిలోపైతే మీలాంటి సంబంధం ఉన్నవాళ్ళు వేయవచ్చు. తెలంగాణ దరఖాస్తులు చెన్నై ఆఫీసు కిందికి వస్తాయి కానీ ఈ దరఖాస్తు ఏ ఆఫీసులో ఉందో ఇన్‌పాస్‌లోనే కనిపిస్తుంది.

ఒకటో నంబరుకు మన దేశంలో ఇంకో గండం ఉంది. సెక్షన్ 3(ఐ) ప్రకారం మనుషులకు చేసే చికిత్స పద్ధతులకు పేటెంట్ ఇవ్వరు. ఆ వరుసలో "డయాగ్నస్టిక్" అన్న మాటను 2002 సవరణలో చేర్చారు. మరి శరీరం బయట, గాజు గొట్టంలో చేసే పరీక్షో? యూరప్‌లో శరీరం మీద చేసేదాన్నే ఆపుతారు, గొట్టంలోది దాటిపోతుంది. మనకు ఆ వెసులుబాటు లేదని మద్రాస్ హైకోర్టు 2023 అక్టోబర్‌లో తేల్చింది. గర్భిణి రక్తంలోంచి పిండం జన్యువులు చూసే పరీక్ష మీద వచ్చిన కేసది. పరీక్ష లోపల జరిగిందా, బయట జరిగిందా అన్నది కాదు ప్రశ్న. ఆ విధానం తనంతట తాను, చికిత్స కోసం, జబ్బును బయటపెడుతుందా అన్నదే ప్రశ్న అని కోర్టు చూసింది. ఇప్పుడు ఒకటో క్లెయిమ్ చివరి ముక్క మళ్ళీ చదవండి: "రోగికి ఫ్లోరోసిస్ ముప్పు ఎంతో తేల్చాలి." తమ మెడకు ఉరి తామే తగిలించుకున్నారు. తెలివైన ఏజెంట్ ఉంటే ఆ ముక్క కోసేసి, "ఫ్లోరైడ్ ఎంతుందో కొలవడం" దగ్గర ఆపుతాడు. అప్పుడది జబ్బు సంగతి కాక ఉత్త కెమిస్ట్రీ అవుతుంది, నిలబడే అవకాశం పెరుగుతుంది. కిట్‌కు ఈ సెక్షన్ అడ్డు రాదు, అది వస్తువు కాబట్టి. అందుకే పన్నెండును నేను తేలిగ్గా వదల్లేదు.

(అమెరికాలో కూడా వీళ్ళకు పూలబాట లేదు. రక్తంలో మందు అవశేషం ఇంతుంటే మోతాదు మార్చాలి అన్న లెక్క ప్రకృతి నియమమే తప్ప ఆవిష్కరణ కాదని అక్కడి సుప్రీంకోర్టు 2012లో మేయో కేసులో చెప్పింది. డయాగ్నస్టిక్ కంపెనీలు ఇప్పటికీ ఆ తీర్పును తిట్టుకుంటుంటాయి.)

ఇక ఆ మనిషికి ఏం చెప్పాలి? ఫోన్‌లో ఏమీ చెప్పకండి. మెయిల్ రాయండి, మూడు ప్రశ్నలు చాలు: "మీ భారత పేటెంట్ నంబరు ఏది? అందులో ఏ క్లెయిమ్? ఆ క్లెయిమ్‌లోని ఏ ముక్క మా పద్ధతిలో ఎక్కడ ఉందంటున్నారు?" మీ పట్టీ ఎలా చేస్తారో, ఏం పూస్తారో అందులో రాయొద్దు. నా అనుభవంలో సగం మంది దగ్గర నుంచి జవాబు రాదు. దరఖాస్తు ఇంకా పెండింగ్‌లో ఉంటే వాళ్ళు దావా వేయలేరు. ప్రచురణ తేదీ నుంచి హక్కు లెక్కకొచ్చినా, గ్రాంట్ అయ్యాకే కోర్టుకు పోవాలని సెక్షన్ 11ఏ చెబుతుంది. ఊరికే బెదిరిస్తూ పోతే సెక్షన్ 106 కింద మీరే వాళ్ళ మీద దావా వేసి నష్టపరిహారం అడగవచ్చు. "మాకు పేటెంట్ ఉంది" అని తెలియజేయడం ఒక్కటే బెదిరింపు కాదు, "లేకుంటే కోర్టు" అన్నది వేరు. అందుకే ఏం మాట్లాడినా రాతలో రానివ్వండి. నంబరు నిజంగా ఇస్తే, ఆ రోజు రెండు లక్షల్లో చిన్న ముక్క ఖర్చుపెట్టి హైదరాబాద్‌లో ఒక రిజిస్టర్డ్ పేటెంట్ ఏజెంట్‌ను కలవండి. గీత కొట్టిన ఆ తెల్లకాగితం తీసుకుపోండి, ఆయన సమయం, మీ పైసలు రెండూ మిగులుతాయి.

మీరు అడగని రెండు సంగతులు కూడా. పట్టీని మీ ల్యాబ్‌లో వాడుకోవడం వేరు, డబ్బాలో పెట్టి అమ్మడం వేరు. అమ్మాలంటే 2017 మెడికల్ డివైసెస్ రూల్స్ కింద లైసెన్స్ కావాలి, పేటెంట్ పంచాయితీతో దానికి సంబంధం లేదు. రెండోది, నన్ను అడిగితే మీకు ఆ కంపెనీ మనిషి కన్నా పెద్ద శత్రువు ఫాస్ఫేట్. జిర్కోనియం దానికీ లొంగుతుంది, మూత్రంలో అది దండిగా ఉంటుంది. ఫ్లోరైడ్ లేకున్నా పట్టీ పసుపుకు తిరిగితే మర్రిగూడ నుంచి వచ్చిన ముసలమ్మకు లేని లెక్క చెప్పినట్టవుతుంది. దాన్ని మీరు ఎలా అడ్డుకుంటున్నారో ఉత్తరంలో రాయలేదు. అడ్డుకునే ఉపాయం మీ మేనల్లుడికి తట్టి ఉంటే, పేటెంట్‌కు పనికొచ్చేది అదే, పట్టీ కాదు.

ఆ ఉపాయం వీడియోలో చెప్పేశారా? చెప్పి ఉంటే మీ కొత్తదనాన్ని మీరే ఊరందరికీ పంచేసినట్టు, మన చట్టంలో దానికి క్షమాపణ చాలా తక్కువ. చెప్పకపోతే ఇకముందు ఏ క్యాంపులోనూ నోరు విప్పకుండా ముందు దరఖాస్తు వేయండి. మనిషి పేరు మీద ఆన్‌లైన్‌లో వేస్తే ఫీజు ₹1,600. వీడియోను మాత్రం డిలీట్ చేయకండి. వాళ్ళ ప్రయారిటీ తేదీ తర్వాతది కాబట్టి వాళ్ళ మీద పనికిరాదు కానీ, రేపు ఇంకెవరో మీ జిర్కోనియం పట్టీనే తమదని దరఖాస్తు వేస్తే, తేదీతో సహా సాక్ష్యం అదే.